తూకమా, దారమా? ఆడవాళ్ల ఒంటికి ఏ కొలత మేలు

మా ఇంట్లో నన్ను సన్నజాజి అనేవారు, మా వదినను బొద్దమ్మ అనేవారు. పెళ్లిళ్లకు వెళ్తే చుట్టాలు నన్ను చూపించి ఆమెకు హితబోధ చేసేవారు: "నోరు కట్టుకోవాలమ్మా, నీ ఆడపడుచును చూసి నేర్చుకో." పదిహేనేళ్లు ఆమె ఆ మాటలు పడింది. పోయిన ఏడాది ఇద్దరం కలిసి రక్తపరీక్షలు చేయించుకున్నాం. షుగర్ ఉన్నది నాకు.

నా ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 53 కిలోలు. వదిన 160 సెంటీమీటర్లు, 68 కిలోలు. తూకం యంత్రాన్ని అడిగితే నాకే మంచి మార్కులు వేస్తుంది. టేపుతో నడుము కొలిస్తే మాత్రం నాది 86 సెంటీమీటర్లు, ఆమెది 82. చేతులు, ముఖం సన్నగా ఉండి, కొవ్వంతా పొట్టలో చేరిన శరీరం నాది. చీర కుచ్చిళ్లు దాన్ని ఇన్నేళ్లూ దాచిపెట్టాయి.

బరువును ఎత్తుతో కలిపి చూసే లెక్కే బీఎంఐ. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. ఈ సూత్రాన్ని 19వ శతాబ్దంలో తయారుచేసిన బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే 'సగటు మనిషి' ఎలా ఉంటాడో తెలుసుకోవాలనుకున్నాడు. ఒక మనిషికి జబ్బు ఉందో లేదో తేల్చడం ఆయన ఉద్దేశం కాదు. బీఎంఐ అన్న పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ పెట్టినది. అంతర్జాతీయంగా 25 దాటితే అధిక బరువు అంటారు. మనవాళ్లకు తక్కువ బరువులోనే షుగర్, గుండెజబ్బులు మొదలవుతున్నాయి కనుక భారతీయులకు ఆ హద్దును 23కు దించారు. నా బీఎంఐ 22. ఏ హద్దు పెట్టినా నేను దొరకలేదు.

ఎందుకు దొరకలేదో చెప్పే ఒక ఫోటో 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అందులో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ పరిశోధకుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఎముక, కండ, కొవ్వు, నీరు అన్నింటినీ కలిపి తూచే యంత్రానికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? నెలసరి ముందు నీరు చేరి కిలో పెరిగినా, అది కొవ్వు కిలోలాగే కనిపిస్తుంది. ఆ అంకె చూసి ఆ పూట అన్నం మానేసిన ఆడపిల్లలు నాకు తెలుసు.

ఇక దారం సంగతి. మీ ఎత్తుకు సమానంగా ఒక దారం తెంచి, దాన్ని సగానికి మడవండి. ఆ సగం నడుము చుట్టూ తిరిగి కొసలు కలిస్తే మంచిది. కలవకపోతే పరీక్షలు చేయించుకోవాలి. నడుము ఎత్తులో సగం కన్నా తక్కువ ఉండాలన్న నియమం ఇదే. టేపు వాడేవారికి భారతీయ స్త్రీల హద్దు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90. కొలవడంలో మనం చేసే తప్పు ఒకటుంది: లంగా బొందు కట్టే చోటును నడుము అనుకుంటాం. చాలామందికి అది పొట్ట కిందికి జారి ఉంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలవాలి.

ఈ కొలతకు నేనెందుకు ఇంత విలువ ఇస్తున్నానంటే, పొట్ట లోపల కాలేయం, పేగుల చుట్టూ చేరే కొవ్వే ఇన్సులిన్ పనిని చెడగొడుతుంది. తొడల మీదా పిరుదుల మీదా ఉండే కొవ్వు అంత హాని చేయదు. నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గినప్పుడు కొవ్వు పొట్టవైపు మళ్లుతుంది. అప్పుడు బరువు కదలకుండానే నడుము పెరగవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో బీఎంఐ 25 దాటినవారు దేశంలో 24 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3, తెలంగాణలో 30.1 శాతం. అదే సర్వే కొలతల ప్రకారం పొట్ట ఊబకాయం ఉన్న స్త్రీలు దేశంలో దాదాపు 40 శాతం. నాలాంటి సన్నజాజులు ఎందరున్నారో చూడండి.

తూకం వదినకు చేసిన అన్యాయం ఇంకో రకం. నెలసరి విపరీతంగా అయ్యి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆమె వైద్యుడి దగ్గరకు వెళ్లింది. ఆయన ఆమెను కాటా ఎక్కించి, "ముందు బరువు తగ్గండి" అని పంపేశారు. ఏడాది గడిచాక ఇంకొకరు రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 8 ఉంది. లావుగా ఉన్న మనిషికి రక్తం తక్కువ ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది కూడా ఆ సర్వేనే. ఒంటి ఆకారం చూసి తీర్పు చెప్పడం నన్ను అకారణంగా పొగిడింది, ఆమెకు వైద్యాన్ని ఏడాది ఆలస్యం చేసింది. ఈ రెండో తప్పును నేను ఇప్పటికీ క్షమించలేను.

దారం చెప్పింది విన్నాక బాధ్యత ఎవరిది? కొంత నాదే, తప్పించుకోను. మూడు పూటలా తెల్లన్నం, టిఫిను. పప్పు, గుడ్డు అంతంత మాత్రం. గిన్నెలో మిగిలింది పారేయలేక నా కంచంలో వేసుకోవడం. ఇవి నేను మార్చుకోగలిగినవి, మార్చుకున్నాను. అయితే థైరాయిడ్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే సమస్య), స్టెరాయిడ్ మందుల వల్ల పెరిగిన బరువును "నోరు కట్టుకోలేదు" అని నిందించడం తప్పు. పీసీఓఎస్ ఉన్న అమ్మాయి బరువులో అయిదు శాతం తగ్గినా నెలసరి క్రమపడే అవకాశం ఉంది; అందుకు ఆమెకు సాయం కావాలి, ఎత్తిపొడుపు కాదు. వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవమంటారు. ఆ తీరిక ఎక్కడిది? ఎవరి సమయం దేనికి పోతోందో చూసిన 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్లు తేలింది. నా నడక సాధ్యమైంది ఉదయం వంట మావారు అందుకున్న తర్వాతే.

గర్భిణులకూ కొత్త బాలింతలకూ దారం పనికిరాదు. పొట్టలో నీరు చేరే జబ్బులున్నప్పుడూ అంతే. గర్భిణికి నెలనెలా తూకమే చూడాలి. తూకాన్ని నేను ఇంట్లోంచి పారేయలేదు కూడా, నెలకొకసారి ఎక్కుతాను. ప్రయత్నం లేకుండా బరువు పడిపోతే దాన్ని పట్టుకునేది ఆ యంత్రమే. షుగర్ అదుపు తప్పినా, క్షయ సోకినా, థైరాయిడ్ అతిగా పనిచేసినా మనిషి చిక్కిపోతుంది. అలా చిక్కిన ఆడమనిషిని చూసి "ఎంత బాగా తగ్గావు!" అని మెచ్చుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ మాట నోటిదాకా వస్తే ఆపుకుని, "పరీక్షలు చేయించుకున్నావా?" అని అడుగుతున్నాను ఇప్పుడు.