ఫౌంటెన్స్ అబీలో నాన్న పట్టుకున్న తూము

ఉత్తర ఇంగ్లండ్‌లో శిథిలంగా మిగిలిన క్రైస్తవ మఠం ఫౌంటెన్స్ అబీ చూడటానికి అమ్మానాన్నలతో వెళ్ళాం. ముందు బస సంగతి చెప్పేస్తాను, ఆ కోపం ఇంకా తగ్గలేదు. వాళ్ళు అలిసిపోతారని దగ్గరి ఊరు రిపన్‌లో ఒక రాత్రికి 118 పౌండ్లు పెట్టి గది తీసుకున్నాం. ముగ్గురమని బుకింగ్‌లోనే రాశాను. తీరా వెళ్ళాక మడత మంచం చూపించి ఇంకో 20 పౌండ్లు వసూలు చేశారు. రాత్రి 10 కల్లా హీటర్ ఆగిపోయింది, ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. తెనాలి నుంచి వచ్చి పది రోజులైనా గడవని అమ్మ స్వెటర్ మీద శాలువా కప్పుకుని తెల్లవార్లూ కూర్చుంది. పొద్దున అడిగితే, "ఏప్రిల్లో చలేమిటి?" అన్నాడు ఇంటాయన. రిపన్‌లో బస చేయకండి. లీడ్స్ నుంచి 36 నంబరు బస్సు ఉంది, మనిషికి 3 పౌండ్లు. పొద్దున వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. రిపన్ నుంచి మఠానికి టాక్సీకి 14 పౌండ్లు అయ్యాయి.

ఫౌంటెన్స్ అబీలోకి అడుగుపెట్టేసరికి అమ్మ ఎవరితోనూ మాట్లాడటం లేదు. నేను హ్యూబీ గోపురం ఫోటోలు తీస్తుంటే నాన్న కనబడలేదు. వెతికితే పడమటి కట్టడం చివర వంగి, గోడ కిందికి చూస్తున్నారు. స్కెల్ అనే చిన్న ఏరు అక్కడ రాతి సొరంగాల్లోకి దూరి, భవనం కింద నుంచి పారుతుంది. "తూములమ్మా ఇవి! ఏటిని ఇంటి కిందికి తెచ్చుకున్నారు" అన్నారు. కాలవ చివరి పొలానికి వంతుల లెక్కన నీళ్ళు పెట్టుకున్న మనిషి కదా, అరగంట అక్కడే ఉన్నారు. మరుగుదొడ్లను కడిగిందీ, ఎగువన పిండిమర తిప్పిందీ ఈ ఏరే. 12వ శతాబ్దపు ఆ మర ఇంకా నిలబడే ఉంది, తప్పకుండా చూడండి.

1132లో యార్క్ నుంచి 13 మంది సన్యాసులు వచ్చేనాటికి ఇది ముళ్ళపొదల లోయ. తర్వాత సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల శాఖలో చేరారు. ఒళ్ళు వంచి చేసే పనికి, గొర్రెలకు చదువురాని మఠ సోదరులను (లే బ్రదర్స్) వేరే పెట్టుకున్నారు. దాదాపు 300 అడుగుల పొడవున్న కమానుల గది ఆ సోదరుల కట్టడం కిందిదే. ఉన్ని ఇటలీ వర్తకుల దాకా వెళ్ళేది. మఠం పొలాల కోసం కొన్ని పల్లెలను ఖాళీ చేయించారని చెప్పగానే నాన్న మొహం మారిపోయింది. "ఆ ఊళ్ళవాళ్ళు ఎక్కడికి పోయారు?" అని రెండుసార్లు అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

టీ దుకాణంలో 7 పౌండ్ల వేడి సూప్ తాగాక అమ్మ తేరుకుంది.

1539లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ హయాంలో మఠం మూతపడింది. పక్కనున్న ఫౌంటెన్స్ హాల్ అనే భవంతి దీని రాళ్ళతోనే లేచింది. 18వ శతాబ్దపు నీటి తోట అందంగా ఉంటుంది, కానీ టైమ్ తక్కువైతే అదే వదిలేయండి.

మర్నాడు కారు అద్దెకు తీసుకుని కిల్న్సీ అనే పల్లెకు వెళ్ళాం. మఠం గొర్రెలకు ఉన్ని కత్తిరించింది అక్కడే. మాల్హమ్ వైపు సాగే మాస్టైల్స్ లేన్ వాళ్ళు మందలు తోలిన దారి. ఇరువైపులా రాతి గోడలు తర్వాతివి, దారి మాత్రం వాళ్ళదే. అటువైపు ఒక కొండకు ఇప్పటికీ ఫౌంటెన్స్ ఫెల్ అనే పేరు. గాలి బాగా కొడుతుంది, మంచి బూట్లు వేసుకోండి. అమ్మ మైలు దూరం నడిచింది. నాన్న గోడ పక్కన మేకల్లా ఎక్కుతున్న గొర్రెలను చూస్తూ, ఒక్కో మందకు ఎంతమంది కాపరులు కావాలో లెక్క వేస్తూనే ఉన్నారు.