ఆపరేషన్ తర్వాత మలం అదుపులో లేని పిల్లలకు ఫిజియోథెరపీయా, రోజూ ఎనిమానా: ఏది మేలు?

మలద్వారం సరిగా ఏర్పడకుండా పుట్టినవారికి, హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి (పేగు చివరి భాగంలో నరకణాలు లేకపోవడం) ఉన్నవారికి పసితనంలోనే ఆపరేషన్ చేస్తారు. అది సవ్యంగా జరిగినా కొందరికి నాలుగైదేళ్లు దాటాక కూడా బట్టలు పాడవుతూనే ఉంటాయి. అప్పుడు వినిపించే సలహాలు రెండు: కటి కండరాలకు ఫిజియోథెరపీ, లేదా రోజూ ఎనిమా, అంటే మలద్వారం గుండా ద్రవం ఎక్కించి పేగును ఖాళీ చేయడం.

ఏదో ఒకటి ఎంచుకునే ముందు కారుతున్నది ఎందుకో తేలాలి. పేగు నిండిపోయి, గట్టిపడిన మలం పక్క నుంచి పలచటిది జారుతోందా? లేక ఆపుకునే శక్తే తక్కువా? మొదటిది చూడటానికి అచ్చం నీళ్ల విరేచనాల్లాగే ఉంటుంది. విరేచనాలు కట్టే మందు వేస్తే ఇంకా బిగుస్తుంది. పొట్ట ఎక్స్‌రే తీస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఫిజియోథెరపీ అంటే బిగించడం నేర్పడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి సగం పని వదలడం నేర్పడమే. ముక్కుతూనే మలద్వారాన్ని బిగించేసే పిల్లలు ఎందరో! అందుకే పాదాల కింద పీట వేసి, భోజనమైన కాసేపటికి ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టి, బుడగ ఊదుతున్నట్టు గాలి వదులుతూ తోయమంటారు. బయోఫీడ్‌బ్యాక్‌లో కండరం కదలిక తెరమీద బొమ్మలా కనిపిస్తుంది, పిల్లలు ఆటలా నేర్చుకుంటారు. కానీ చెప్పింది అర్థం చేసుకునే వయసు రావాలి, నెలల ఓపిక కావాలి. ఈ పిల్లలపై జరిగిన అధ్యయనాలు చిన్నవి, ఫలితాలూ ఒకేలా లేవు. వెన్నెముక దిగువన ఉండే త్రికాస్థి ఎముక, అక్కడి నరాలు సరిగా ఏర్పడకపోతే వ్యాయామం వాటిని తెచ్చిపెట్టలేదు. అలాంటి పిల్లలను 'నువ్వు సరిగా చేయడం లేదు' అని గద్దించడం అన్యాయం.

ఎనిమా రోగాన్ని కుదర్చదు, పేగుకు ఒక వేళ నిర్ణయిస్తుంది, అంతే. సెలైన్ ఎంత, అందులో ఏం కలపాలి అన్నది డాక్టరు ఎక్స్‌రే చూస్తూ సరిచేస్తారు. కుదిరితే దాదాపు రోజంతా బట్టలు శుభ్రంగా ఉంటాయి. బజారులో దొరికే ఫాస్ఫేట్ ఎనిమాలు సొంతంగా వాడవద్దు, చిన్నపిల్లల రక్తంలో లవణాలను ప్రమాదకరంగా తారుమారు చేయగలవు. పెద్దయ్యేకొద్దీ అమ్మానాన్నల చేత చేయించుకోవడం బిడియమే. దానికీ దారి ఉంది: 1990లో మలోన్ అనే సర్జన్ వర్ణించిన శస్త్రచికిత్సలో అపెండిక్స్‌ను పొట్ట చర్మానికి కలుపుతారు. ఆ చిన్న ద్వారం గుండా పిల్లలే నీళ్లు పంపుకోవచ్చు.

మలం వస్తున్నట్టు తెలిసి, అప్పుడప్పుడు మరుగుదొడ్డిలోనే వెళ్లగలుగుతూ, కొద్దిగా మాత్రమే అంటుకుంటుంటే నేను ఫిజియోథెరపీకే మొగ్గుతాను, మలబద్ధకానికి మందుతో పాటు. రోజూ బడిలో బట్టలు పాడవుతుంటే మాత్రం ముందు ఎనిమాయే. తోటివాళ్ల వెక్కిరింతల మధ్య ఏ కండరానికీ శిక్షణ సాగదు. శుభ్రంగా ఉండటం అలవాటయ్యాక వ్యాయామాలు మొదలుపెట్టి, నరాలు బాగున్నవారికి డాక్టరు సలహాతో సెలవుల్లో ఎనిమా మాన్పించి చూడవచ్చు.

హిర్ష్‌స్ప్రంగ్ పిల్లలకు జ్వరం, పొట్ట ఉబ్బరం, దుర్వాసనతో విరేచనాలు కలిసి వస్తే మాత్రం ఇంట్లో ఏదీ ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.