రేకులకుంట పరిశోధన చేల పక్కన పదకొండేళ్లు

అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం వైపు ప్లాటు చూస్తున్నాం, అక్కడ ఉండటానికి ఎలా ఉంటుంది అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు, అందుకే ఒకసారి మొత్తం రాసేస్తున్నా. మేం 2014లో ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం. రేకులకుంటలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రం ఉంది కదా, దాని చేలకూ మా వీధికీ మధ్య ఒక మట్టిరోడ్డు, ఒక కంచె, అంతే. నాకు ఈ చోటు చాలా ఇష్టం, ఇక్కడి నుంచి కదలను. కానీ ఇష్టం ఉంది కదా అని కష్టాలు దాచను.

మొదట కష్టాలే చెప్తా. మాకు ప్లాటు అమ్మినాయన డ్రైనేజీ వస్తుంది, పార్కు వస్తుంది, తారురోడ్డు వస్తుంది అని కాగితం మీద గీతలు గీసి చూపించాడు. వచ్చింది కరెంటు స్తంభాలు మాత్రమే. లేఅవుటు మొత్తం పల్లంలో ఉంది, ఆ సంగతి మేం చూసింది ఏప్రిల్ నెల కాబట్టి కనిపించలేదు. మొదటి సెప్టెంబరులో ఒక రాత్రి పెద్దవాన పడితే పైనుంచి వచ్చిన ఎర్రనీళ్లన్నీ మా వీధిలోనే నిలబడ్డాయి, గుమ్మం మొదటి మెట్టు మునిగింది, పిల్లల స్కూలు బ్యాగులు మంచం మీదికి ఎక్కించుకుని తెల్లార్లూ కూర్చున్నాం. ఆ తర్వాత ట్రాక్టర్లతో మట్టి తోలించి ముందు భాగం ఎత్తు చేసుకున్నాం. ఇప్పుడు కట్టేవాళ్లు పునాది రోడ్డు మట్టం కన్నా కనీసం మూడడుగులు పైకి తెచ్చుకోండి, మేస్త్రీ వద్దన్నా వినకండి.

రెండోది పాములు. చేను పక్కన ఇల్లంటే ఇవి తప్పవు, రక్తపింజరిని మా కాంపౌండు లోపలే రెండుసార్లు చూశాం. బయట చెప్పుల స్టాండు పెట్టడం మానేశాం, సాయంత్రమైతే టార్చిలైటు లేకుండా మట్టిరోడ్డు మీద కాలు పెట్టం. చిన్న పిల్లలున్నవాళ్లు ఇది గట్టిగా ఆలోచించుకోండి. కాటు పడితే పసరు మందు, మంత్రం అంటూ ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోకుండా నేరుగా టౌన్‌లో పెద్దాసుపత్రికి పోవాలి, మా వీధిలో అందరూ ఈ మాట అనుకుని పెట్టుకున్నాం. ఎనిమిది దాటితే ఆటోలు దొరకడం కష్టం, సొంత బండి ఉండాల్సిందే.

ఇక మంచి. ఎదురుగా ఎప్పటికీ అపార్టుమెంటు లేవదు అన్నది అందరూ చెప్పేదే, నిజమే, మేడ మీద నిలబడితే చూపు ఆగదు. కానీ గాలీ వెలుతురూ కోసం మాత్రమే ఇక్కడికి రావద్దు, అవి ఊరికి దూరంగా ఎక్కడైనా దొరుకుతాయి. ఇక్కడ దొరికేది వేరే, అది చెప్పాలంటే ముందు మా నాయన చేను సంగతి చెప్పాలి.

మా నాయనకు కళ్యాణదుర్గం దగ్గర ఆరెకరాల మెట్ట చేను, ఏటా శెనక్కాయే. 2000 ఖరీఫ్‌లో చేను బాగా లేచింది, నెల తిరిగేసరికి చివుళ్లు నల్లబడి, కాడలు ఎండి, మొక్కలు ఉన్నచోటే చచ్చిపోయాయి. అప్పుడు జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా ఇలాగే పోయింది, నష్టం 300 కోట్ల పైమాట. విత్తనం మంచిది కాదనో, ఏదో గాలి సోకిందనో నాయన చాలా ఏళ్లు అనుకుంటూనే ఉన్నాడు. ఆ అప్పు తీర్చడానికి మా అమ్మ గాజులు పోయాయి, నా చదువు ఒక ఏడాది ఆగింది.

ఇక్కడికి వచ్చిన రెండో ఏడాది మా పక్క ఖాళీ ప్లాటు నిండా వయ్యారిభామ లేచింది, మనం కాంగ్రెస్ గడ్డి అంటాం చూడండి, అదే. తెల్లపూలు, చూడ్డానికి కొత్తిమీరలా ఉంటుంది. చేలో కలుపు తీయడానికి వచ్చే ఒక పెద్దామె కంచె దగ్గర ఆగి, "ఏం టీచరమ్మా, ఈ గడ్డి పీకించకుండా ఎట్లుండారు? పూతొచ్చేసింది సూడు, మా శెనక్కాయకు తెగులు దీన్నుంచే వస్తాది" అంది. నాకు నమ్మకం కుదరలేదు. మర్నాడు నాయన ఊరినుంచి వచ్చి ఉంటే ఇద్దరం రోడ్డు దాటి వెళ్లాం, లోపల ఒక సైంటిస్టు సారు పాపం చెట్టు కింద నిలబడే అరగంట చెప్పాడు. మా నాయన చేను చంపిన తెగులుకు మూలం ఒక వైరస్, అది వయ్యారిభామలో ఉంటుందంట, దానికి మాత్రం ఏమీ కాదు, పచ్చగానే ఉంటుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది, ఆ పుప్పొడి గాలికి ఎగిరీ, తామర పురుగుల ఒంటికి అంటుకునీ శెనక్కాయ ఆకు మీద పడుతుంది, పురుగు ఆకును గీకినచోటి నుంచి లోపలికి పోతుంది. అందుకే చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో దట్టంగా వేయమంటారు, పురుగూ పుప్పొడీ చాలావరకు ఆ గోడ దగ్గరే ఆగిపోతాయి. అప్పటిదాకా మేడ మీదనుంచి ఆ జొన్న సాళ్లను పశువులకు మేత కోసం వేశారనుకున్నా.

నాయన ఏమీ మాట్లాడలేదు. తిరిగొచ్చి, చేతికి ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని ఆ ఖాళీ ప్లాటులో కూర్చుని, మొక్కా మొక్కా వేరుతో సహా పీకాడు. పదిహేనేళ్ల కింద తన చేను గట్టున ఆ గడ్డి ఎంత ఉండేదో, ఏ మూల మొదట ఎండిందో పీకుతూనే చెప్పాడు. "ఆ పొద్దు ఎవరైనా చెప్పుంటే" అని ఒక్కసారే అన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి ఏడూ మొదటి వానలకు నేల మెత్తబడగానే, పూత రాకముందే మా వీధివాళ్లం అందరం కలిసి పీకేస్తున్నాం. చేతులకు కవర్లు తప్పనిసరి, ఆ గడ్డితో ఒంటి మీద దద్దుర్లు వస్తాయి, ఆయాసం ఉన్నవాళ్లయితే దూరంగా ఉండాలి.

వాన లెక్క కూడా ఇక్కడే నేర్చుకున్నా. మన అనంతపురానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, పడమటి కనుమల అవతలే మబ్బులు కురిసేసి మనదాకా ఒట్టి గాలి వస్తుంది. వాన కొలత ఏ రోజుదైనా ముందురోజు ఉదయం 8.30 నుంచి ఆ రోజు ఉదయం 8.30 వరకు లెక్క, 2.5 మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వానరోజు అంటారు. వ్యవసాయ వాతావరణ సలహా మంగళ, శుక్రవారాల్లో వస్తుంది, నాయన ఫోనుకు నేనే పంపేదాన్ని. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు అని తెలిశాక మా మిద్దె కొలిచా: వెయ్యి చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు, 20 మిల్లీమీటర్ల వానకు 1,800 లీటర్లు పైనే, ఏడాదికి 50 వేల లీటర్ల దాకా. మా బోరు వేసవిలో ఎండిపోతుంది, అందుకే 2017లో పది వేల లీటర్ల సంపు కట్టించాం. అంతకు ముందు వేసవిలో వారానికి రెండు ట్యాంకర్లు కొనేవాళ్లం, ఇప్పుడు ఏప్రిల్ సగం వరకు ఆ ఖర్చు లేదు. ఇక్కడ ఇల్లు కట్టేవాళ్లు పూజగది కన్నా ముందు సంపు ఎక్కడో గీయించుకోండి, ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్న మాట.

2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చి, జంతలూరులో క్యాంపస్ అనేసరికి ఈ పక్కంతా ప్లాట్ల బేరాలు మొదలయ్యాయి. కొని వదిలేసినవాళ్ల ప్లాట్లలోనే గడ్డి, పాములు, చెత్త. కొంటే కట్టుకుని ఉండండి, లేదంటే కనీసం ఏడాదికి రెండుసార్లు వచ్చి శుభ్రం చేయించండి.

చూడ్డానికి వచ్చేవాళ్లు దయచేసి మాలాగా ఎండాకాలంలో రావద్దు. మంచి పదును వాన పడిన మర్నాడు పొద్దున్నే రండి. నీళ్లు ఎక్కడ నిలిచాయో, ఎటు పారుతున్నాయో, చేలో గొర్రు ఎటు నడుస్తోందో అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకు రండి.