అమ్మేసిన పాత ఫియట్ జాడకు ఎంపరివాహన్: ఎంతవరకు పనికొస్తుంది?

ఎప్పుడో అమ్మేసిన ప్రీమియర్ పద్మిని (మనం ఫియట్ అని పిలిచే పాత కారే) ఆచూకీకి కేంద్ర రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్ మొదటి మెట్టు మాత్రమే. నంబరు కొడితే మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, ఫిట్‌నెస్ గడువు వస్తాయి. యజమాని పేరు మాత్రం చుక్కల మాటున సగమే. అసలు చిక్కు పాత నంబర్లది. 1989కి ముందరి మూడక్షరాల సిరీస్ బండ్లు అన్నీ కంప్యూటర్‌కెక్కలేదు. పైగా బండి ఫారం 28 ఎన్ఓసీతో (అభ్యంతరం లేదనే పత్రంతో) వేరే రాష్ట్రం వెళ్లి కొత్త నంబరు తీసుకుందా, పాత నంబరుతో వెతుకులాట అక్కడే ఆగిపోతుంది.

అందుకే పాత ఆర్సీ జిరాక్సో, బీమా కాగితమో తీసి ఛాసీ నంబరు (బండి చట్రం మీద చెక్కిన నంబరు) పట్టుకోండి. ప్లేటు మారినా అది మారదు. ఇంజిన్ నంబరును నమ్మొద్దు, పద్మినికి డీజిల్ ఇంజిన్ బిగించినవాళ్లు బోలెడు. ఛాసీ నంబరుతో ఆ బండి మొదట రిజిస్టరైన ఆర్టీఏ ఆఫీసులో అడగడమే మేలు. ఉచితం కాబట్టి యాప్‌కి ఐదుకి మూడు.