19 అడుగుల వ్యానా, 30 అడుగుల ఇల్లా?

అమెరికాలో మోటర్‌హోమ్ (పడక, వంట వసతులున్న బండి) అద్దెకు తీసుకునే మనవాళ్ళు ముందు అడిగేది "ఎంతమంది పడుకోవచ్చు?" అని. నేనైతే ఏ రోడ్డు మీదకు వెళ్తున్నారని అడుగుతాను.

గ్లేసియర్ నేషనల్ పార్కులోని గోయింగ్ టు ద సన్ రోడ్డు సంగతే చూడండి. కొండ మీది భాగంలో 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. 30 అడుగుల క్లాస్ సి బండిని (డ్రైవర్ సీటు పైన కూడా పడక ఉండే పెద్ద మోటర్‌హోమ్) కింద వదిలి పార్కు షటిల్ బస్సు లాంటిది ఎక్కాల్సిందే. 19 అడుగుల క్యాంపర్ వ్యాన్‌కు పొడవుతో ఇబ్బంది లేదు. కాకపోతే వెడల్పు అద్దాలతో కలిపి 8 అడుగులు మించకూడదు కాబట్టి అదీ కొలిచి చూసుకోవాలి. ఊళ్ళో సరుకులకు ఆగినా వ్యాన్ మామూలు కారు స్థలంలో దాదాపు సరిపోతుంది. పెట్రోలు ఖర్చూ తక్కువే.

అయితే ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి, ఇద్దరు పిల్లలు కూడా ఉంటే వ్యాన్ మాట మర్చిపోండి. అది ఇద్దరికే సుఖం. మంచం వేస్తే నడిచే దారి ఉండదు. చాలా వాటిలో టాయిలెట్, షవర్ ఒకే గదిలో ఉంటాయి, ఒకరు స్నానం చేస్తే మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు తడి నేల మీదే అడుగు వేయాలి. పెద్ద బండిలో వెనక వేరే పడకగది, పిల్లలకు డ్రైవర్ సీటు పైన పడక. పోపు పెడితే మాత్రం రెండింటిలోనూ దుప్పట్లు వాసనొస్తాయి!

పెద్దదే తీసుకుంటే క్యాంప్‌సైట్ బుక్ చేసేముందు అక్కడ అనుమతించే పొడవు చూడండి. వెనక్కి తీసేటప్పుడు ఒకరు దిగి దారి చూపాలి.