క్రూజ్ కంట్రోల్ పట్టట్లేదని కంచరపాలెం వెళ్తే

ముందే చెప్తున్నా, నా కారు బాగుచేసిన షాపు పేరు, నంబరు రాయట్లేదు. ఆ మెకానిక్కే వద్దన్నాడు, ఉన్న బళ్లకే చోటు చాలట్లేదట. విశాఖపట్నంలో కంచరపాలెం నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ వైపు వెళ్తుంటే ఒక సందులో వేపచెట్టు కింద రేకుల షెడ్డు ఉంటుంది, బోర్డు మీద రంగంతా పోయి "ఆటో ఎలక్ట్రికల్" అన్న రెండు మాటలే మిగిలాయి. వెతుక్కునేవాళ్లకి ఆ మాత్రం చాలు.

నా బండి 2012 మోడల్ డీజిల్, మాన్యువల్ గేర్లు, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. నెలకోసారి శ్రీకాకుళం అత్తగారింటికి వెళ్తాం కాబట్టి క్రూజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే బండిని ఒకే స్పీడులో నడిపే ఏర్పాటు) నాకు షోకు కాదు, మోకాలి నొప్పికి మందు. ఆనందపురం దాటాక 80 మీద పెట్టేసి కాలు తీస్తే నాతవలస టోల్‌గేటు దాకా హాయి. అలాంటిది మొన్న సంక్రాంతి ప్రయాణంలో వంతెన అతుకుల మీద బండి చిన్నగా ఎగిరినప్పుడల్లా దానంతటదే తెగిపోవడం మొదలైంది. వేసవి వచ్చేసరికి అసలు పట్టడమే మానేసింది. ఆన్ నొక్కితే మీటర్లో ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది, సెట్ నొక్కితే మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు.

క్రూజ్ లేక నా మోకాలు మొరాయిస్తే, ఇక మా బావమరిది స్టీరింగ్ పట్టుకున్నాడు. ఆయన మాట్లాడుతుంటే బండి నెమ్మదిస్తుంది, ఎదుటివాళ్లు చెప్పేది వింటుంటే పరిగెడుతుంది, మా ఆవిడకి వాంతులొకటే తక్కువ. తమాషా ఏంటంటే ఈ క్రూజ్ కంట్రోల్ కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అనే అమెరికా ఇంజనీరుకి చిన్నప్పుడే చూపు పోయింది, ఆయన లాయరు కూడా అచ్చం మా బావమరిదిలాగే నడిపేవాడట, ఆ కుదుపులు పడలేకే ఈ ఆలోచన వచ్చిందని చెప్తారు. 1950లో పేటెంట్ దొరికింది, 1958 మోడల్ క్రైస్లర్ కార్లలో మొదటిసారి పెట్టారు. మా బావమరిదికి ఈ కథ చెప్తే నవ్వి, మాట్లాడుతూ మాట్లాడుతూ మళ్లీ 50కి దిగిపోయాడు.

సరే, మొదట ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. ఏసీ గది, కాఫీ మెషీను, అన్నీ ఉన్నాయి. పది నిమిషాల్లో తేల్చేశారు: స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్ పోయింది, మార్చాలి, 14,200 అవుతుంది. క్లాక్ స్ప్రింగ్ అంటే తెలియనివాళ్లకి, స్టీరింగ్ ఎటు తిరిగినా దాని మీదున్న బటన్లకి, హారన్‌కి, ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు తెగకుండా ఉండటానికి లోపల చుట్ట చుట్టి పెట్టే పట్టీ లాంటి వైరు. పాత బళ్లలో అది తెగడం మామూలే, కాబట్టి వాళ్లన్నది అబద్ధమని నేననను. కానీ కరెంటు కొలిచే మీటరు పెట్టి చూశారా అంటే "ఈ మోడల్‌కి అదే పోతుంది సార్" అన్నారు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

ఆఫీసులో ఒకాయన చెప్తే ఈ షెడ్డుకి వెళ్లాను. గురువుగారికి యాభై దాటి ఉంటాయి, చెవి మీద టెస్టర్, జేబులో బీడీ. బండి ఎక్కి ముందు హారన్ కొట్టాడు, పాటల సౌండు స్టీరింగ్ బటన్‌తో పెంచాడు, తగ్గించాడు, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పుతూ మళ్లీ నొక్కాడు. "హారన్ మోగుతుంది, బటన్లు పలుకుతున్నాయి, ఎయిర్‌బ్యాగ్ లైటు రాలేదు, మరి క్లాక్ స్ప్రింగ్ పోయిందని ఎలాగన్నారు బాబూ?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకే 14 వేలు మిగిలినట్టు అనిపించింది, నిజం.

తర్వాత స్టీరింగ్ కింద స్కానర్ తగిలించి లైవ్ డేటా, అంటే బండి కంప్యూటర్‌కి ఆ క్షణంలో అందుతున్న కబుర్లు, తెరిచాడు. ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి, పాత బండి ఉన్న అందరికీ పనికొస్తుంది. బ్రేక్ పెడల్ పైన చిన్న స్విచ్ ఉంటుంది, అందులో ఒకటి కాదు, రెండు కాంటాక్టులుంటాయి. తొక్కినప్పుడు ఒకటి కలుస్తుంది, దాంతో వెనక లైట్లు వెలుగుతాయి. రెండోది తొక్కినప్పుడు విడిపోతుంది, అది ఇంజన్ కంప్యూటర్‌కి కబురు. రెండూ ఒకే మాట చెప్తేనే కంప్యూటర్ నమ్ముతుంది, లేదంటే క్రూజ్ ఇవ్వదు. నా బండిలో కాలు పెడల్ మీద లేకపోయినా స్క్రీన్ మీద రెండోది మాత్రం "తొక్కారు" అని చూపిస్తోంది. అంటే ఎవరో పొద్దస్తమానం బ్రేక్ మీద కాలు పెట్టుకుని కూర్చున్నారని దాని నమ్మకం. బ్రేక్ లైట్లు శుభ్రంగా వెలుగుతున్నాయి కాబట్టి స్విచ్ మీదకి ఎవరి చూపూ పోదు. వంతెన అతుకుల మీద తెగిపోవడం కూడా అదే, కుదుపుకి ఆ కాంటాక్టు క్షణం పాటు విడిపోయేదన్నమాట.

కనెక్టర్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. పిన్నుల మీద పచ్చటి చిలుము, గోటితో గీకితే పొడి రాలింది. "బీచ్ పక్కనే పెడతారేటి బండి?" అన్నాడు. పెదవాల్తేరు, ఇంటి బయటే. సముద్రం గాలికి గేటు తుప్పు పట్టడం చూస్తూనే ఉన్నాం, పెడల్ పైన ఇంత లోపలికి కూడా వస్తుందనుకోలేదు. స్ప్రే కొట్టి శుభ్రం చేస్తే కాసేపు బాగానే ఉంది, పెడల్ నాలుగుసార్లు తొక్కేసరికి మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడుగానీ స్విచ్ మారుద్దామనలేదు ఆయన. కొత్తది బిగించాక నన్ను వెనకాల నిలబెట్టి, పెడల్ వదిలాక లైట్లు పూర్తిగా ఆరుతున్నాయో లేదో మూడుసార్లు చెప్పించుకున్నాడు. స్విచ్ దూరం సరిగ్గా లేకపోతే లైట్లు వెలుగుతూనే ఉంటాయట.

పెందుర్తి దాటి సబ్బవరం వైపు ఆరు వరుసల రోడ్డు మీద ట్రయల్‌కి వెళ్లాం. 70 మీద సెట్ చేశాను, పట్టింది. రెండు నిమిషాల్లో తెగింది. నా మొహం మాడిపోయింది. ఆయన కిందకి చూసి నవ్వాడు. "ఆ ఎడమ కాలు క్లచ్ మీద నుంచి తియ్యండి బాబూ." క్లచ్ పెడల్‌కీ ఒక స్విచ్ ఉంటుంది, కొంచెం నొక్కుకున్నా క్రూజ్ తెగుతుంది. పదేళ్లకి పైగా క్లచ్ మీద కాలు ఆనించి నడుపుతున్న సంగతి నాకే తెలియదు. కాలు పక్కన పెట్టాక సబ్బవరం దాకా వేలంత కూడా కదలలేదు ముల్లు.

స్విచ్ 750, కూలి 400, మొత్తం 1,150. పాత స్విచ్ పేపర్లో చుట్టి ఇచ్చాడు కూడా.

ఇప్పుడు తిట్లు. రెండు గంటలన్నాడు, రాత్రి ఏడయ్యింది. మధ్యలో ఎవరి ఆటోకో సెల్ఫ్ మోటర్ అని వెళ్లిపోయి గంటన్నర రాలేదు, ఫోన్ ఎత్తడు. కూర్చోడానికి ఒక పాత టైరు తప్ప ఏమీ లేదు. బిల్లు అడిగితే అట్టముక్క మీద రాసిచ్చాడు. డ్రైవర్ సీటు మీద నల్లటి గ్రీజు చెయ్యి అచ్చు ఇంకా పోలేదు, మా ఆవిడ రోజూ దాన్నే చూపిస్తుంది.

మీ బండికీ ఇదే రోగమైతే షెడ్డుకి వెళ్లేముందు ఇంట్లోనే ఫ్యూజు చూడండి, బ్రేక్ లైట్లు అన్నీ వెలుగుతున్నాయో గోడకి వెనక్కి పెట్టి చూడండి, మీటర్లో ఇంజన్ లైటో ఏబీఎస్ (బ్రేకుల వ్యవస్థ) లైటో ఉంటే ముందు ఆ సంగతి తేల్చుకోండి, అవి ఉంటే చాలా బళ్లు క్రూజ్ ఇవ్వవు. 40 లోపు స్పీడులో నొక్కి పనిచేయట్లేదని కంగారు పడకండి, చాలా బళ్లలో ఆ స్పీడుకి పట్టదు. స్టీరింగ్ మాత్రం మీరు విప్పకండి, అందులో ఎయిర్‌బ్యాగ్ ఉంది.

నెల దాటింది, రెండుసార్లు శ్రీకాకుళం, ఒకసారి రాజమండ్రి వెళ్లొచ్చాం, ఎక్కడా తెగలేదు. షెడ్డుకి మంగళవారం సెలవు. పొద్దున్న తొమ్మిదిన్నర లోపు వెళ్తే ఆ రోజే చూస్తాడు, తర్వాతైతే బండి అక్కడ వదిలేసి బస్సెక్కి ఇంటికి రావాల్సిందే.