చిన్న షేర్లు కొనేవాళ్లకు స్క్రీనర్ సైటు ఎంతవరకు పనికొస్తుంది?

అనంతపురంలో ఉంటూ కొన్నేళ్లుగా చిన్న కంపెనీల షేర్లలో డబ్బు పెడుతున్నాను. ఎవరు ఏ షేరు పేరు చెప్పినా ముందు తెరిచేది, కంపెనీల లెక్కల్ని ఒకేచోట చూపించే స్క్రీనర్ సైటే. ఉచిత ఖాతాతోనే నా పని జరిగిపోతోంది. కొనాల్సినవి చూపించడంకన్నా, కొనకూడనివాటిని త్వరగా పక్కన పెట్టించడంలోనే ఇది నాకు ఎక్కువగా ఉపయోగపడింది.

నేను నేరుగా నగదు రాకపోకలు చూపే క్యాష్ ఫ్లో పట్టికకు దిగుతాను. లాభం ఏటా పెరుగుతున్నా వ్యాపారం నుంచి వచ్చే నగదు మైనస్‌లోనే ఉంటే, ఆ డబ్బు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి. చాలాసార్లు జవాబు డెటర్ డేస్ అంకెలో దొరుకుతుంది. సరుకు అమ్మాక డబ్బు వసూలవడానికి ఎన్ని రోజులు పడుతోందో అది చెబుతుంది. డ్రిప్ పరికరాల కంపెనీల్నే తీసుకోండి. మా వైపు చీనీ (బత్తాయి) తోట పెట్టిన రైతు తన వాటా కట్టేస్తాడు. సబ్సిడీ వాటా ప్రభుత్వం నుంచి రావాలి. అది ఆలస్యమైనా అమ్మకం మాత్రం లెక్కల్లోకి ఎక్కేస్తుంది. అలాంటి ఒక కంపెనీ డెటర్ డేస్ బాగా పెరిగాయని చూసి తెలిసిన డీలర్‌ను అడిగాను. “బిల్లులు ఇంకా పడలేదన్నా, కొత్త ఆర్డర్లంటే వెనకాడుతున్నారు” అన్నాడు. ఆ షేరు జోలికి పోలేదు.

డాక్యుమెంట్స్ విభాగంలో చాలామంది వదిలేసేవి క్రెడిట్ రేటింగ్ నోట్లు, అంటే కంపెనీ అప్పు తీర్చగలదా అని రేటింగ్ సంస్థలు రాసేవి. బ్యాంకు ఇచ్చిన అప్పు లిమిట్‌లో ఎంత వాడేశారు, అమ్మకాలు ఎంతమంది కస్టమర్ల మీద నడుస్తున్నాయి వంటివి వాటిలో తరచూ ఉంటాయి. ‘ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్’ అని కనిపిస్తే, అంటే కంపెనీ రేటింగ్ సంస్థకు వివరాలే ఇవ్వడం లేదంటే, నేను అక్కడితో ఆపేస్తాను.

లోపాలూ చెప్పాలి. పేజీలో కనిపించే ప్రోస్, కాన్స్ (మంచి చెడులు) మెషీన్ రాసినవి, వాటిని చూసి కొనకండి. ఒక ఏడాది స్థలం అమ్మి లాభం చూపిస్తే పీఈ (షేరు ధర ఒక్కో షేరు లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) తక్కువగా, షేరు చవగ్గా కనిపిస్తుంది. అసలు వ్యాపారం నుంచి కాకుండా వచ్చిన ఆదాయం చూపే ‘అదర్ ఇన్‌కమ్’ వరుస తప్పకుండా చూడండి. పైగా సైటు చూపించేది కంపెనీ ఇచ్చిన లెక్కల్నే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో, పుస్తకాల్లో ఉన్న నగదులో 5,000 కోట్ల రూపాయలకు పైగా లేనే లేదని బయటపడింది. అందుకే నగదు నిల్వ భారీగా ఉన్నచోట దానికి తగ్గ వడ్డీ ఆదాయం వస్తోందా అని వార్షిక నివేదికలో చూస్తాను.

రిస్క్ లెక్క మాత్రం మనమే వేసుకోవాలి. చిన్న షేరు లోయర్ సర్క్యూట్‌లో, అంటే ఆ రోజు ధర అంతకన్నా పడకూడదన్న హద్దులో పడితే అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లు ఉండరు, ధర ఇంతకు పడితే అమ్మేయమని ముందే స్టాప్ లాస్ పెట్టినా అమ్ముడుపోదు. ఆ టెన్షన్ వద్దనే ఒక్క చిన్న షేరులో నా మొత్తం పెట్టుబడిలో 5 శాతం దాటనివ్వను. రోజూ సగటున ట్రేడయ్యే షేర్లలో పదో వంతుకు మించి కొనను. జాగ్రత్త అవసరమైన షేర్లకు ఎక్స్ఛేంజీలు పెట్టే ఏఎస్ఎం, జీఎస్ఎం నిఘా జాబితాల్లో ఉందేమో ఎక్స్ఛేంజ్ సైటులో చూశాకే ఆర్డర్ పెడతాను.

సైటు, అందులోని నివేదికలు అన్నీ ఇంగ్లీషులోనే ఉండటం నాకు పెద్ద లోటుగా అనిపిస్తుంది. రోజువారీ ట్రేడింగ్ చేసేవాళ్లకు దీంతో పెద్దగా పని పడదు. ఏళ్ల తరబడి షేరు ఉంచుకునేవాళ్లకైతే దీన్ని ధైర్యంగా సిఫారసు చేస్తాను.